ఆరు తీగల బేరం

రాజమండ్రి బజారుకు జనం దేనికొస్తారు? పెళ్లి బట్టలకొస్తారు. బంగారానికొస్తారు. కడియం నర్సరీలు చూసి వెళ్తూ వెళ్తూ ఓసారి తొంగిచూస్తారు. వేసవి సెలవుల్లో ఇంకో రకం బృందం కూడా కనిపిస్తుంది. ముందు పదో తరగతి పరీక్షలు రాసేసిన కుర్రాడు, వెనక వాళ్ల నాన్న, ఆ వెనక ‘త్వరగా తేల్చండి, బస్సుకి వేళవుతోంది’ అన్నట్టు చూసే అమ్మ. ముగ్గురూ వాయిద్యాల దుకాణం మెట్లెక్కుతారు.

లోపల ఓ పక్క హార్మోనియాలు, తబలాలు, భజన బృందాల కోసం డోలక్‌లు, తాళాలు. ఇంకో పక్క గోడ నిండా గిటార్లు. నలుపు, ఎరుపు, నీలం. అంచుల్లో నిప్పంటుకున్నట్టు పసుపులోంచి గోధుమరంగులోకి జారే మెరుపులు. కుర్రాడి చూపు అప్పటికే నీలం దాని మీద పడిపోయింది. నాన్న మాత్రం నెమ్మదిగా బేరంలోకి దిగుతాడు.

‘‘నేర్చుకోడానికండీ... ఓ గిటార్ చూపించండి.’’

‘‘ఎంతలో చూపించమంటారండీ?’’

‘‘ఆయ్... నేర్చుకోడానికే కదండీ. మరీ ఖరీదుదెందుకు?’’

ఈ చివరి మాట ఈ జిల్లాల్లోనే కాదు, ఎక్కడైనా గిటార్ కొనే ప్రతి ఇంట్లోనూ వినబడేదే. వినడానికి న్యాయంగానే ఉంటుంది. సైకిలు నేర్చుకోవడానికి పాత సైకిలు చాలదూ? ఈత నేర్చుకోవడానికి పంటకాలువ చాలదూ? కానీ గిటార్ దగ్గర ఈ లెక్క తలకిందులవుతుంది. చెయ్యి తిరిగినవాడు నాసిరకం గిటార్‌తోనూ ఏదోలా నెట్టుకొస్తాడు. ఎక్కడ గట్టిగా నొక్కాలో, ఏ మెట్టు దగ్గర అపశ్రుతి వస్తుందో, దాన్నెలా తప్పించుకోవాలో అతనికి తెలుసు. కొత్తవాడికి తెలియదు. తీగ సరిగ్గా పలక్కపోతే తప్పు తనదే అనుకుంటాడు.

ఆ తర్వాత జరిగేది చాలా ఇళ్లకు తెలిసిందే. తీగలు చెక్కకు మరీ ఎత్తులో ఉంటాయి. నొక్కీ నొక్కీ వేళ్ల చివర్లు కందిపోతాయి. మూడో వారానికి సాధన రోజు విడిచి రోజవుతుంది. రెండో నెలకు గిటార్ బీరువా ఎక్కుతుంది. సంక్రాంతికి వచ్చిన చుట్టాలు ‘‘గిటారా? ఎవరు వాయిస్తారే?’’ అని అడిగితే అమ్మ దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. ‘‘మా చిన్నాడు కొనిపించాడు పిన్నీ. వాడికి సంగీతం అబ్బలేదు.’’

తీర్పు అయిపోయింది. నాలుగు వేల రూపాయలు పోతే పోయాయి, మళ్లీ సంపాదించుకోవచ్చు. పదిహేనేళ్ల పిల్లాడు ‘నాకు సంగీతం రాదు’ అనే మాటను మాత్రం నలభై ఏళ్లు మోస్తాడు. నిజానికి ఆ తీర్పు ఇచ్చింది ఓ వంకర మెడ చెక్క, మూడు మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్న తీగ! అందుకే తొలి గిటార్ కొనడం అనేది పైకి కనిపించేంత చిన్న బేరం కాదు.

పాలకొల్లు చెప్పే కథ

మరి ఎలా కొనాలి? దానికి ఈ డెల్టాలోనే ఓ మంచి ఉదాహరణ ఉంది. కాకపోతే రెండు పాయలు దాటాలి. రాజమండ్రి నుంచి జాతీయ రహదారి పట్టుకుని వెళ్తే జొన్నాడ దగ్గర గౌతమి, రావులపాలెం దాటాక సిద్ధాంతం దగ్గర వసిష్ఠ. అక్కణ్నుంచి పెనుగొండ, మార్టేరు మీదుగా దారి పొడుగునా కాలువలు, వరిచేలు, గట్ల మీద కొబ్బరిచెట్లు. క్షీరారామం గోపురం కనబడిందంటే పాలకొల్లు వచ్చేసినట్టే. పంచారామాల్లో ఒకటైన ఈ ఊరు సినిమాకు అల్లు రామలింగయ్యను, దాసరి నారాయణరావును, కోడి రామకృష్ణను ఇచ్చింది. ఆ జాబితా ఇక్కడ ఎవర్నడిగినా గడగడా చెప్పేస్తారు.

ప్రపంచానికి ఈ ఊరిచ్చిన ఇంకో మనిషి ఉప్పలపు శ్రీనివాస్. మాండొలిన్ శ్రీనివాస్ అంటేనే అందరికీ తెలుస్తుంది. 1969 ఫిబ్రవరి 28న ఇక్కడే పుట్టారు. మాండొలిన్‌కూ గిటార్‌కూ దగ్గరి చుట్టరికమే. రెండూ పాశ్చాత్య వాయిద్యాలు, రెండింటికీ మెట్లున్నాయి, రెండింటినీ ఒళ్లో పెట్టుకుని మీటాలి. అప్పట్లో మాండొలిన్ అంటే సినిమా పాటలకూ, లైట్ మ్యూజిక్ కచేరీలకూ పనికొచ్చేదనే లెక్క. దాని మీద త్యాగరాజ కృతి వాయిస్తానంటే పెద్దవాళ్లు నవ్వే రోజులు.

ఆ ఇంట్లో విషయాలు ఏ వరసలో జరిగాయో చూడండి. తండ్రి సత్యనారాయణ దగ్గర ఓ మాండొలిన్ ఉండేది. అయిదారేళ్ల పిల్లాడు దాన్ని తనంతట తనే అందుకుని మీటడం మొదలుపెట్టాడు. పిల్లాడి చేతిలో ఏదో ఉందని తండ్రికి నమ్మకం కుదిరాకే కొడుక్కి కొత్త మాండొలిన్ కొనిచ్చి, తనే పాఠం మొదలుపెట్టాడు. వాసూరావు అనే గిటారిస్టు పాశ్చాత్య సంగీతం రుచి చూపించారు. తర్వాత రుద్రరాజు సుబ్బరాజు శిష్యుడిగా చేర్చుకున్నారు. చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడాయన. సత్యనారాయణకూ ఆయనే గురువు. తమాషా ఏమిటంటే గురువుగారికి మాండొలిన్ వాయించడం రాదు! ఆయన పాడేవారు, కుర్రాడు ఆ పాటను తీగల మీద వెతుక్కునేవాడు. అలా వెతుక్కోవడంలోంచే ఎవరి దగ్గరా లేని ఓ బాణీ పుట్టింది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ. 1981 డిసెంబరు సీజన్‌లో మద్రాసు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం. 1998లో పద్మశ్రీ. 2014 సెప్టెంబరు 19న, 45 ఏళ్లకే వెళ్లిపోయారు.

ముందు ఇంట్లో ఉన్న పాతది. దాని మీద పిల్లాడి ఆసక్తి. ఆ తర్వాత కొనుగోలు. ఆ తర్వాత గురువు. మనం ఈ వరసను తిరగేస్తున్నాం. ముందు నీలం గిటార్ కొనేస్తాం, ఆసక్తి ఉందో లేదో తర్వాత చూస్తాం. ప్రతి కుర్రాడూ శ్రీనివాస్ కాడు. కానక్కర్లేదు కూడా. కానీ నెల రోజుల పాటు బాబాయి కొడుకు దగ్గర్నుంచో, ఎదురింటి ఇంజినీరింగు కుర్రాడి దగ్గర్నుంచో ఓ గిటార్ అడిగి తెచ్చి ఇంట్లో పెట్టడం ఏ తండ్రికైనా సాధ్యమే. రోజూ ఎవరూ చెప్పకుండా పిల్లాడు దాని దగ్గరికి వెళ్తున్నాడా? అదొక్కటే చూడాలి. బాగా వాయిస్తున్నాడా అన్నది అప్పుడే చూడాల్సిన పని కాదు.

శ్రీనివాస్ కథలో కొనేవాళ్లకు పనికొచ్చే ముక్క ఇంకొకటుంది. మామూలు మాండొలిన్‌కు నాలుగు జంటలుగా ఎనిమిది తీగలుంటాయి. మీటిన స్వరం టక్కున ఆగిపోతుంది. మన సంగీతానికేమో స్వరం సాగాలి, ఊగాలి. అందుకని ఆయన జంట తీగలు వదిలేసి అయిదు ఒంటి తీగలతో ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను ఎంచుకున్నారు. తర్వాతి కాలంలో ‘రిమెంబర్ శక్తి’ బృందంలో ఆయన పక్కన కూర్చుని వాయించిన ఇంగ్లిష్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ చేసిందీ ఇలాంటిదే. 1970ల్లో ‘శక్తి’ బృందం రోజుల్లో గమకాలు పలకడం కోసం గిటార్ మెట్ల మధ్య చెక్కను గుంటలుగా చెక్కించుకున్నారు. ఇద్దరూ వాయిద్యాన్ని తమ సంగీతానికి తగ్గట్టు సరిచేయించుకున్నారు. మన కుర్రాడి గిటార్‌కు గుంటలేమీ అక్కర్లేదు. కానీ అతని చేతికి తగ్గట్టు సరిచేయించడం మాత్రం తప్పదు.

వీణకు మేళం కట్టినట్టు

ఈ మాట మన ఇళ్లలోని నాయనమ్మలకు మనకన్నా బాగా అర్థమవుతుంది. మెట్ల వాయిద్యం డెల్టాకు కొత్తేం కాదు. పిఠాపురం ఆస్థానంలో తుమరాడ సంగమేశ్వరశాస్త్రి వీణ విని రవీంద్రనాథ్ ఠాగూర్ ఆయన్ను శాంతినికేతన్‌కు పిలిపించుకున్నారు. ఈమని శంకరశాస్త్రి పుట్టింది 1922లో ద్రాక్షారామంలో. ఆయన శిష్యుడు చిట్టిబాబు పుట్టింది 1936లో కాకినాడలో. వీణ కావాలంటే ఏలూరు దాటి నూజివీడుకో, ఉత్తరాన బొబ్బిలికో వెళ్లేవారు. పనస చెక్కతో చేసిన వీణ చేతికి రావడంతో పని అయిపోదు. 24 మెట్లనూ మైనం మీద ఒక్కొక్కటే శ్రుతికి నిలబెట్టాలి. దాన్నే మేళం కట్టడం అంటారు. మైనం మెత్తబడితే మళ్లీ కట్టించాల్సిందే. మేళం సరిగ్గా లేని వీణ మీద పాఠం చెప్పడానికి ఏ గురువూ ఒప్పుకోడు.

గిటార్‌కూ మేళం లాంటిది ఉంది. దాన్ని సెటప్ అంటారు. మెట్లు లోహంతో చెక్కలో బిగించేసి ఉంటాయి కాబట్టి వాటిని కదపరు. మెడ లోపల ఉండే ఉక్కు కడ్డీని తిప్పి మెడ వంపు సరిచేస్తారు. కింద బ్రిడ్జి మీద తీగ ఆనే తెల్లటి పట్టీనీ, పైన నట్ గాళ్లనూ అరగదీసి తీగల ఎత్తు తగ్గిస్తారు. తెలిసినవాడికి గంటలో అయ్యే పని. ఫ్యాక్టరీ నుంచి దుకాణానికి, దుకాణం నుంచి ఇంటికి చేరే చవక గిటార్లలో చాలా వాటికి ఈ పని జరగదు. అయిదు వేల గిటార్‌కు సెటప్ చేయిస్తే, సెటప్ లేని తొమ్మిది వేల గిటార్ కన్నా అదే హాయిగా పలుకుతుంది. కాబట్టి దుకాణంలో ‘‘ఎంత తగ్గిస్తారు?’’ అనే ముందు ‘‘సెటప్ చేసిస్తారా?’’ అని అడగండి. రెండొందలు తగ్గించమని అరగంట వాదించే ఓపిక మనకుంటుంది కదా, ఆ ఓపిక కాస్త ఇటు ఖర్చు పెట్టాలి.

ఇక గోడ మీద వేలాడే వాటిలో ఏది?

గిటార్లు ముఖ్యంగా మూడు రకాలు. మనం ఎక్కువగా చూసేది ఉక్కు తీగల అకౌస్టిక్. సినిమా పాటలకు, చర్చి పాటలకు, నలుగురూ చేరి పాడుకోవడానికి ఇదే. రెండోది నైలాన్ తీగల క్లాసికల్. మూడోది ఎలక్ట్రిక్. దానికి యాంప్లిఫయర్ కూడా కొనాలి కాబట్టి తొలి బేరంలో పక్కన పెట్టొచ్చు. ఉక్కు తీగల గిటార్ మీద ఆరు తీగలూ కలిసి లాగే బలం సుమారు 70 కిలోలు దాటుతుంది. పాతిక కిలోల బియ్యం బస్తాలు మూడు వేలాడదీసినట్టన్నమాట! నైలాన్ తీగల బలం అందులో సగానికి కాస్త ఎక్కువ. లేత వేళ్లకు నైలాన్ హాయి. కానీ క్లాసికల్ గిటార్ మెడ వెడల్పు. పైభాగంలో 52 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. అకౌస్టిక్‌కు 43 చాలు. చిన్న చెయ్యి ఆ వెడల్పును చుట్టలేక అవస్థ పడుతుంది. అందుకే ‘పిల్లలకు నైలాన్, పెద్దలకు ఉక్కు’ అని ఎవరైనా ఒక్క మాటలో తేల్చేస్తే నమ్మకండి. పిల్లల చేతికిచ్చి చూడండి.

కొలత కూడా చూడాలి. పూర్తి సైజు గిటార్ మీటరు పొడవుంటుంది. పన్నెండేళ్లు దాటినవాళ్లకు సరిపోతుంది. ఎనిమిది నుంచి పదకొండేళ్ల వాళ్లకు ముప్పావు సైజు మేలు. ‘ఎదిగే పిల్ల కదా, పెద్దదే తీసుకుందాం’ అని పరికిణీ కొన్నట్టు గిటార్ కొనకూడదు. పరికిణీకైతే మడత పెట్టి కుట్టొచ్చు, గిటార్ మెడకు మడత ఉండదు. ఇంకా చిన్నవాళ్లయితే నాలుగు నైలాన్ తీగల యుకలేలే ఉంది. గిటార్‌కు తమ్ముడనుకోండి. అది కొనిచ్చినందుకు ఎవరూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

ఎడమచేతి వాటం పిల్లల సంగతి కూడా చాలామంది చివర్లో గుర్తు చేసుకుంటారు. వాళ్ల కోసం తీగల వరస తిరగేసిన గిటార్లు దొరుకుతాయి. కానీ మన ఊళ్లలో రకాలు తక్కువ. కుడిచేతి వాటంలోనే నేర్చుకుని చక్కగా వాయించే ఎడమచేతివాళ్లు చాలామంది ఉన్నారు. రెండు రకాలూ పట్టుకుని చూసి పిల్లాడే చెప్పాలి.

ఇప్పుడు పరీక్ష. గిటార్ వాయించడం రాకపోయినా ఇవి చేయొచ్చు. వడ్రంగి పలక వంకర చూసినట్టు గిటార్‌ను కంటి ఎత్తుకు తీసుకుని మెడ వెంబడి చూడండి. పడవలా వంగినా, మెలి తిరిగినా పక్కన పెట్టేయండి. పన్నెండో మెట్టు దగ్గర తీగకూ మెట్టుకూ మధ్య సందు చూడండి. రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత మందానికి మించి ఉంటే వేళ్లకు శిక్షే. ప్రతి తీగనూ మొదటి మెట్టు నుంచి వరసగా నొక్కుతూ మీటండి. తుమ్మెద రొద లాంటి జుయ్‌మనే శబ్దం ఎక్కడైనా వస్తే అడగండి. సరిచేయగలిగిందయితే అక్కడే సరిచేయించుకోండి. తీగను వదిలి మీటినప్పుడూ, పన్నెండో మెట్టు దగ్గర నొక్కి మీటినప్పుడూ ఒకే స్వరం, పై స్థాయిలో రావాలి. తేడా వస్తే ఆ గిటార్ మీద ఏ పాటా శ్రుతిలో ఉండదు. బ్రిడ్జి వెనక విజిటింగ్ కార్డు దూరేంత సందుందంటే జిగురు వదులుతోందని అర్థం. బిరడాలు తిప్పితే తేనెలో గరిటె తిరిగినట్టు తిరగాలి, జారకూడదు.

చివరి పరీక్ష అన్నిటికన్నా తేలిక. కుర్రాణ్ని కూర్చోబెట్టి, ఒళ్లో గిటార్ పెట్టి, పది నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా ఉండండి. భుజం పైకి లేచిపోతోందా, మెడ వంచి అవస్థ పడుతున్నాడా, లేక మరిచిపోయి మీటుతూ కూర్చున్నాడా? నీలం రంగు ఆకర్షణ ఎంతవరకో ఆ పది నిమిషాల్లో తెలిసిపోతుంది. రంగును తీసిపారేయమని కాదు నా ఉద్దేశం. నచ్చిన గిటార్‌ను పిల్లాడు రోజుకు నాలుగుసార్లు ఎక్కువ ముట్టుకుంటాడు. రెండు గిటార్లూ పరీక్ష నెగ్గితే నీలందే కొనివ్వండి!

ధర దగ్గరికొద్దాం. మూడు నాలుగు వేలకు దేశవాళీ గిటార్లు దొరుకుతాయి. గివ్‌సన్, హోబ్నర్ లాంటి కోల్‌కతా పేర్లు తరాలుగా మనవాళ్లకు పరిచయమే. పెద్ద కంపెనీల తొలి మెట్టు గిటార్లు ఎనిమిది నుంచి పన్నెండు వేల మధ్య ఉంటాయి. జపాన్‌కు చెందిన యమహా 2019లో చెన్నై దగ్గర కర్మాగారం పెట్టాక వాటిలో కొన్ని ఇక్కడే తయారవుతున్నాయి. ఆన్‌లైన్‌లో ఇంకాస్త తగ్గొచ్చు. కానీ కొరియర్ పెట్టెలో వచ్చిన గిటార్‌ను విప్పి చూసేదాకా దాని మెడ సంగతి తెలియదు. పాత గిటార్ మంచి బేరమే, పక్కన తెలిసినవాడు ఉంటే. మూడు వేల కన్నా తక్కువకు ‘బ్యాగు, పిక్కులు, బెల్టు అన్నీ ఫ్రీ’ అనే బేరాల దగ్గర మాత్రం జాగ్రత్త. ఆ ఫ్రీ వస్తువులే అందులో నాణ్యమైనవి కావచ్చు.

తేమ తెచ్చే తంటా

హైదరాబాద్ వాళ్లకు, బెంగళూరు వాళ్లకు అంతగా లేని బెడద ఒకటి గోదావరి వాళ్లకుంది. అది మన గాలి. గిటార్ చెక్కకు గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉంటే సుఖం. వానాకాలంలో మన డెల్టాలో 80 శాతం దాటడం మామూలు. చెక్క నీరు పీల్చి ఉబ్బుతుంది. పొట్ట పైకొస్తుంది, దాంతోపాటు తీగలూ లేస్తాయి. ఏప్రిల్‌లో హాయిగా పలికిన గిటార్ ఆగస్టులో మొండికేస్తుంది. ఇంట్లో తలుపులు బిగుసుకుపోయే రోజుల్లోనే ఇదీ జరుగుతుంది. కారణం ఒక్కటే. నరసాపురం, అంతర్వేది, కాకినాడ వైపయితే ఉప్పుగాలి తోడవుతుంది. కొత్త తీగలు కూడా చూస్తుండగానే తుప్పు పట్టి, వేళ్లకు నల్లగా అంటుకుంటాయి.

అందుకే ఇక్కడ ఓ విచిత్రమైన సలహా చెప్పాల్సి వస్తోంది. గిటార్ పైపలక రెండు రకాలు. ఒకే చెక్కతో చేసింది ఒకటి, పొరలు అతికించి చేసింది ఇంకొకటి. ఒకే చెక్కది ఖరీదెక్కువ, నాదం కూడా బాగుంటుంది. నెట్‌లో ఎవరు చెప్పినా ‘వీలైతే అదే కొనండి’ అంటారు. కానీ తేమకు అదే ముందు స్పందిస్తుంది. పొరల చెక్క మొరటుది, వాతావరణానికి అంత తొందరగా లొంగదు. కొబ్బరితోట మధ్యలోని ఇంట్లో ఏసీ లేని గదిలో ఉండబోయే తొలి గిటార్‌కు పొరల చెక్కే మేలు. డబ్బు మిగిలిందని నామోషీ పడక్కర్లేదు.

దాచే పద్ధతి కూడా చెప్పుకోవాలి. కాలువ వైపు గోడకు, వాన జల్లు కొట్టే కిటికీ పక్కన గిటార్‌ను వేలాడదీయకండి. ముసురు రోజుల్లో వాయించాక పొడిబట్టతో తీగలు తుడిచి బ్యాగులో పెట్టి, లోపల నాలుగు సిలికా జెల్ పొట్లాలు వేయండి. కొత్త చెప్పుల పెట్టెలో దొరికే పొట్లాలు మరీ చిన్నవి, చాలవు. కాస్త పెద్దవి విడిగా అమ్ముతారు. రోహిణీ కార్తె ఎండలో మూసిన కారులో గిటార్‌ను వదిలారా, జిగురు కరిగి బ్రిడ్జి లేచిపోతుంది. తీగలు మూడు నాలుగు నెలలకోసారి మార్చాల్సిందే. సముద్రం దగ్గరివాళ్లు ఇంకా ముందే. కాబట్టి కొన్నరోజే ఓ సెట్టు అదనంగా తెచ్చుకోండి. సన్నపు తీగలు, అంటే 10 లేదా 11 నంబరువి అడగండి. ఫ్యాక్టరీ వేసి పంపే 12 నంబరు కన్నా వేళ్లకు సుఖం.

నేర్చుకోవడం ఎక్కడ? డెల్టాలో గిటార్ వారం వారం తప్పకుండా మోగే చోటు చర్చి. ఆదివారం ఆరాధనలో కీబోర్డు, డ్రమ్స్ పక్కన గిటార్ పట్టుకుని నిలబడే కుర్రాళ్లు ఏ ఊళ్లోనైనా కనిపిస్తారు. పుస్తకం పట్టకుండా పక్కవాడి వేళ్లు చూసి నేర్చుకున్నవాళ్లే వాళ్లలో ఎక్కువ. మతం సంగతి పక్కన పెట్టి వెళ్లి అడిగితే గిటార్ కొనేటప్పుడు తోడు రావడానికి వాళ్లకన్నా మంచి సలహాదారులు దొరకరు. ఏ దుకాణంలో ఏది సరుకో వాళ్లకు తెలుసు. ఇక శ్రుతి చేసుకోవడానికి ఫోన్‌లో ఉచిత యాప్‌లు, పాఠాలకు వీడియోలు ఉండనే ఉన్నాయి. కానీ బొటనవేలు తప్పుగా పెట్టావని వీడియో చెప్పదు. మొదటి మూడు నెలలు వారానికి ఒక్కసారైనా ఎదురుగా కూర్చుని చూసే మనిషి కావాలి. సుబ్బరాజుగారికి మాండొలిన్ రాదు. కానీ వినడం వచ్చు.

ఆ మూడు నెలలూ ఇంట్లోవాళ్లకు కూడా పరీక్షే. వేళ్ల చివర్లు కందడం మంచి గిటార్‌తోనూ ఉంటుంది, మూడు నాలుగు వారాల్లో చర్మం గట్టిపడేదాకా. రోజుకు పావుగంట చాలు, ఆదివారం రెండు గంటలు కూర్చోబెట్టడం కన్నా అదే నయం. ఒకే నాలుగు మోతలు సాయంత్రమంతా విని విని నాన్నకు విసుగొస్తుంది. వార్తల వేళకు టీవీ శబ్దం పెంచకుండా ఉండగలిగితే అదే పెద్ద సాయం. గిటార్‌ను బ్యాగులో కాకుండా కంటికి కనిపించేచోట స్టాండు మీద పెడితే చెయ్యి దాని మీదికి వెళ్తుంది. స్టాండు అయిదారొందలకు వస్తుంది. ముసురు రోజుల్లో మాత్రం బ్యాగే.

కొనడం అయ్యాక ఇంటికి చేర్చడం ఒకటి మిగిలింది. రాజమండ్రి కాంప్లెక్స్‌లో బస్సెక్కేవాళ్లు గిటార్‌ను తలపైని సామాన్ల అర మీద పెట్టకండి. ఎవరి ట్రంకు పెట్టెకో మెడ బలవుతుంది. కింద డిక్కీలో అసలే వద్దు. కిటికీ పక్క సీటు దొరికితే కాళ్ల మధ్య నిలువుగా నిలబెట్టి, మెడను భుజానికి ఆనించుకుని కూర్చోవడమే పద్ధతి. సీటు దొరక్క నిలబడాల్సి వస్తే వీపున తగిలించుకోకుండా ముందుకు తిప్పుకోవాలి. అమ్మకు ముందే చెప్పి ఉంచండి, ఈ బస్సు వదిలేసి తర్వాతి బస్సుకు వెళ్లాల్సి రావచ్చు.